ఇరవై అయిదు చుట్లు

ఓదెలు గురించి చెప్పాలంటే
ముందు కొక్కెం గురించి చెప్పాలె.

బహ్రెయిన్‌ల, సల్మాబాద్ గల్లీల, మా షెడ్డు ముంగట
పసుపు రంగు రికవరీ లారీ, దాని తోకకు ఆ కొక్కెం.
ఎనిమిదేండ్లు దానితోనే బతికిండు.
సఖీర్ ట్రాకు మీద కారు పల్టీ కొడితే
ఫోను అర్బాబుకు వచ్చేది, కేక వీనికి పడేది.

గెలిచినోని దిక్కు అందరి కండ్లు.
వీడు మాత్రం ఆగిపోయిన కారు పక్కన
మోకాళ్ల మీద కూచొని
టైరు గీసిన నల్లగీతను వేలితో చదివేటోడు.
"ఈడ బ్రేకు లేటయింది. ఈడ భయపడ్డడు.
ఈడ భయపడాల్సింది, పడలే."
చచ్చిన కార్లకు పంచనామా రాస్తున్నవారా అని
మేం నవ్వేటోళ్లం.

ఒక రంజాన్ రాత్రి, తరావీ నమాజు అయినంక
పాత షెవర్లెల పందెం.
మా అర్బాబు అబూ హమద్ కారు నంబరు ముప్పై ఏడు.
తోలాల్సిన జాసిం అదే పొద్దుగాల
సముద్రంల జెట్ స్కీ మీంచి పడి మణికట్టు ఇరగ్గొట్టుకున్నడు.
అర్బాబు నన్ను చూసిండు, మలయాళీ వెల్డరును చూసిండు,
లారీ కిందికెల్లి బయటికున్న రెండు కాళ్లను చూసిండు.

ఆ రాత్రి పద్నాలుగు కార్లల్ల పదమూడోది.
పద్నాలుగోది స్టార్టే కాలే.
కానీ హెల్మెట్ తీసినంక వాని ముఖం
జీతం పడ్డనాడు కూడ అట్ల లేకుండె.

పందెం ఇరవై అయిదు చుట్లు.
కోరుట్లల వాళ్లక్క రాజవ్వ తునికాకు చుట్టి చుట్టి
ఇరవై అయిదుకో కట్ట కడుతుంటే
వీడు చిన్నప్పుడు పక్కన కూచొని లెక్కపెట్టేటోడు.
అందుకే పిట్ గోడ మీంచి నేను పలక చూపిస్తే
చూసేటోడే కాదు.
"చేతికి తెలుస్తదిరా, కట్ట నిండొచ్చినప్పుడు."

తర్వాత తొమ్మిది. తర్వాత ఆరు.
తర్వాత ఇంజన్ పొగ, సున్నా, అర్బాబు తిట్లు.
మళ్ల ఆరు. నాలుగు.
నా పని కుడిపక్క వెనుక టైరు, అయిదు నట్లు.
అరచేతుల బొబ్బలు అన్నంల కారం తగిలితే గుర్తొచ్చేవి.

ఎవడు ఏ మలుపుల జారుతడో వానికి ఎరుక.
వాళ్లందర్ని కొక్కేనికి తగిలించింది వీడే గద.
పదో మలుపుల ఆ ఎర్రకారు ఎప్పటికైనా బయటికి పోతదని
ఏడు చుట్లు దాని తోక పట్టుకొని ఓపిక పట్టిండు.
పోయింది.
సూదిల దారం లెక్క దూరిండు.

పన్నీటి షర్బతు మీద చల్లుకున్నరు.
మైకుల "ఒడీలా" అన్నరు, "ఒడేలో" అన్నరు,
కంచె అవతల మా క్యాంపోళ్లు అసలు పేరు అరిచిండ్రు.
కప్పు పోయి అబూ హమద్ మజ్లిస్‌ల కూచుంది.
వాని కార్డు మీద, పని అన్న గడిల,
ఇంకా లారీ డ్రైవర్ అనే ఉండె.

రెండేండ్లకు దుబాయ్ జట్టోళ్లు వచ్చి
రిలీజ్ కాగితం అడిగిండ్రు.
అర్బాబు ముప్పై ఏడు రోజులు సంతకం పెట్టలే.
ముప్పై ఎనిమిదో నాడు పెట్టి, వానికి వాచీ ఇచ్చిండు.
లారీ తాళాలు నాకొచ్చినయి.

మొన్న శుక్రవారం రాత్రి పదకొండింటికి ఫోను.
సఖీర్, పదో మలుపు, ఇసుకల బంపరు దాకా కూరుకున్న నీలికారు.
తలుపు మీద పేరు తప్పులేకుండ రాసుంది.
వాడు బయట నిలబడి ఉన్నడు,
తెల్ల సూట్ల, చంకల హెల్మెట్.
నేను కొక్కెం దించిన. గొలుసు బిగించిన.
ఏం మాట్లాడలే.
వంగి గీతను చూస్తడేమో అనుకున్న, చూడలే.

"ఎన్నో చుట్టురా?"
"పంతొమ్మిది."
"ఆరు బాకీ" అన్నడు.

లారీ కాడికి వచ్చి, ఆ నిప్పంటని సూటుతోనే,
అలవాటు కొద్ది స్టీరింగ్ దిక్కు తలుపు తీసిండు.
నేను తాళాలు అందించి
అటు పక్క ఎక్కిన.